టీవీలో ఆడని వీడియోకి ఏ కన్వర్టర్? ఇంటి కంప్యూటర్‌లో ఎంచుకునే పద్ధతి

సిరిమానోత్సవం అయిన మర్నాడు మా ఇంటికి పెన్‌డ్రైవ్‌లు రావడం మొదలవుతుంది. విజయనగరంలో ఏటా విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం అమ్మవారి పండగ, బుధవారం నుంచి నా డ్యూటీ. మూడు లాంతర్ల దగ్గర మేడ మీద నుంచి ఒకరు తీసిన వీడియో, కోట వైపు జనంలో నలిగిపోతూ ఇంకొకరు తీసిన వీడియో. ఎవరికీ ఎడిటింగులు, టైటిళ్ళు అక్కర్లేదు. "టీవీలో ఎయ్యాలి, రావట్లేదు, ఏటో చూడు బాబూ" అంటారు, అంతే.

కిందటిసారి మా పిన్ని నెల్లిమర్ల నుంచి ఒక ఫైలు తెచ్చింది. పెద్ద కెమెరాతో ఎవరో తీసిచ్చిన ఎంఓవీ ఫైలు. టీవీలో బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది, మాట లేదు. వాళ్ళబ్బాయి అప్పటికే దాన్ని ఏదో కన్వర్టర్‌లో వేసి రాత్రంతా తిప్పాడట. తెల్లారి చూస్తే మాట ఇంకా లేదు, పైగా బొమ్మ కూడా పాడైంది. జనం ముఖాలు గళ్ళ లుంగీలా గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. పాత ఫైలు తీసేయకుండా ఉంచాడు కాబట్టి సరిపోయింది. నేను చేసిన పనికి నిమిషం కూడా పట్టలేదు: బొమ్మని ముట్టుకోకుండా ఆడియో ఒక్కటే మార్చాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రాత్రే. ఏ కన్వర్టర్ మంచిది అని అందరూ అడుగుతారు. నేను మాత్రం ముందు ఫైలుకి వచ్చిన జబ్బేమిటని అడుగుతాను. దాన్ని బట్టే మందు.

## జాడీ వేరు, ఆవకాయ వేరు

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అనేవి జాడీల పేర్లు. లోపల ఉన్న సరుకు వేరు. బొమ్మ హెచ్.264లోనో హెచ్.265లోనో ఉంటుంది, ఆడియో ఏఏసీలోనో ఏసీ3లోనో డీటీఎస్‌లోనో పీసీఎంలోనో ఉంటుంది. మీ టీవీకి జాడీ నచ్చకపోవచ్చు, లేదా లోపలి సరుకు నచ్చకపోవచ్చు.

ఆవకాయని జాడీలోంచి సీసాలోకి మార్చడానికి రెండు నిమిషాలు చాలు. రుచి ఏమీ తగ్గదు. దీన్ని రీమక్స్ అంటారు. మళ్ళీ ఎన్‌కోడ్ చేయడం అంటే, ముక్కలు కడిగేసి కొత్తగా కారం, ఆవపిండి కలపడం. ఎంత చేయి తిరిగిన మనిషి కలిపినా మొదటి రుచి రాదు. కంప్యూటర్ గంటలకొద్దీ కష్టపడుతుంది, బొమ్మలో ఎంతో కొంత పోతుంది.

లోపల ఏముందో చూడటం తేలిక. వీఎల్‌సీలో వీడియో ఆడుతుండగా కంట్రోల్ మీట నొక్కి జె కొట్టండి, కోడెక్ (బొమ్మనీ మాటనీ కుదించి రాసే పద్ధతి) వివరాలు వస్తాయి. ఇంకా తీరుగా కావాలంటే మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చూడాల్సినవి ఇవి: బొమ్మ కోడెక్, ఆడియో కోడెక్, రంగుల వివరం 8 బిట్టా 10 బిట్టా, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) నిలకడగా ఉందా మారుతోందా. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

పిన్ని ఫైలులో బొమ్మ హెచ్.264, 8 బిట్. టీవీకి అది ఇష్టమే. ఆడియో పీసీఎం. అదే పడలేదు.

## ఎంచుకునేటప్పుడు నేను చూసేవి

మొదటిది, ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మని ముట్టుకోకుండా పని చేయగలదా. నా లెక్కలో దీనికే ఎక్కువ మార్కులు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో చాలావాటికి కావలసింది అంతే.

రెండోది, తప్పు జరిగితే నోరు విప్పి చెప్తుందా, లేక సున్నా కేబీ ఫైలు చేతిలో పెట్టి ఊరుకుంటుందా.

మూడోది మన కంప్యూటర్ ఓపిక. మే నెలలో మా ఊళ్ళో ఉక్కపోతకి మనుషులే ఆగలేరు, పాత లాప్‌టాప్ మూడు గంటలు నూటికి నూరు శాతం మీద తిరిగితే వేడెక్కి మధ్యలో ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. కరెంటు సంగతి సరేసరి.

నాలుగోది, ఫైలు ఇల్లు దాటి పోవాలా అన్నది. ఇంటి ఆడపిల్లల సీమంతం వీడియో ఎవరిదో తెలియని సర్వర్‌కి ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు.

| సాఫ్ట్‌వేర్ | బొమ్మ ముట్టకుండా మార్చగలదా | నేర్చుకోవడం | తప్పు జరిగితే | ఎవరికి |
|---|---|---|---|---|
| హ్యాండ్‌బ్రేక్ | లేదు, ప్రతిసారీ ఎన్‌కోడ్ చేస్తుంది | ఒక సాయంత్రం | లాగ్ (ఏం జరిగిందో రాసిన చిట్టా) ఉంటుంది | డీవీడీలు, సైజు తగ్గించడం |
| ఎఫ్ఎఫ్ఎంపెగ్ | అవును | మొదట్లో కష్టం | పూర్తిగా చెప్తుంది | టైపింగ్‌కి భయపడనివాళ్ళకి |
| షట్టర్ ఎన్‌కోడర్ | అవును | రెండు మూడు రోజులు | ఫర్వాలేదు | ఎడిటింగ్ చేసేవాళ్ళకి |
| లాస్‌లెస్‌కట్ | అవును, అదే దాని పని | పది నిమిషాలు | ఫర్వాలేదు | కత్తిరించడానికి |
| వీఎల్‌సీ | కుదురుతుంది గానీ తికమక | తేలికలా కనిపిస్తుంది | సరిగ్గా చెప్పదు | ఒక్క చిన్న ఫైలుకి |
| ఆన్‌లైన్ సైట్లు | సైటుని బట్టి | ఏమీ అక్కర్లేదు | చెప్పదు | చిన్న క్లిప్పులకి, గుట్టు లేనివాటికి |

పైవాటిలో సైట్లు తప్ప మిగతావన్నీ ఉచితం. డబ్బు పెట్టి కన్వర్టర్ కొనాల్సిన అవసరం నాకు ఇంతవరకూ కనపడలేదు.

## హ్యాండ్‌బ్రేక్

ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే చాలామందికి నేను చెప్పేది ఇదే. 2003 నుంచి ఉంది. ఫైలు తెరవాలి, ప్రీసెట్ (ముందే అమర్చి పెట్టిన సెట్టింగులు) ఎంచుకోవాలి, కింద ఎక్కడ దాచాలో చెప్పాలి. "ఫాస్ట్ 1080పీ30" అన్న ప్రీసెట్ ఎంచుకుని స్టార్ట్ నొక్కితే, వచ్చే ఎంపీ4 మామూలు టీవీల్లో దాదాపు అన్నిట్లోనూ ఆడుతుంది.

దీని లోపం ఒక్కటే, కానీ పెద్దది: బొమ్మని ఉన్నది ఉన్నట్టు దాటించడం దీనికి రాదు. ఆడియోని మాత్రం దాటించగలదు. అంటే పిన్ని ఫైలు లాంటి దానికి హ్యాండ్‌బ్రేక్ వాడితే పని జరుగుతుంది గానీ, కాలి వేలి ముల్లుకి ఆపరేషన్ థియేటర్ తెరిచినట్టు.

నాణ్యతకి ఒక స్లైడర్ ఉంటుంది, ఆర్ఎఫ్ అంటారు. సంఖ్య తగ్గితే బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వాళ్ళే ఇచ్చిన సలహా ప్రకారం డీవీడీ స్థాయి వీడియోకి 18 నుంచి 22, ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24, 4కేకి 22 నుంచి 28. నేను ఫుల్ హెచ్‌డీకి 21 దగ్గర మొదలుపెడతాను. "ఇంకా మంచిగా" అని 10కో 12కో లాగినవాళ్ళని చూశాను. అసలు కన్నా పెద్ద ఫైలు వస్తుంది, అసలులో లేని అందం ఎక్కణ్ణుంచీ రాదు. అదే కారణానికి డీవీడీని 1080కి పెంచడం కూడా దండగ.

మొత్తం ఫైలు తిప్పే ముందు రేంజ్ అన్న చోట సెకన్లు ఎంచుకుని, మధ్యలోంచి ఒక నిమిషం మాత్రం ఎన్‌కోడ్ చేయండి. ఆ నిమిషాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, అదే టీవీలో, అందరూ కూర్చునే దూరం నుంచి చూడండి. కంప్యూటర్ ముందు ముక్కు ఆనించి చూస్తే ప్రతి వీడియోలోనూ వంకలు కనపడతాయి.

డౌన్‌లోడ్ విషయంలో ఒక మాట. దీన్ని హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ నుంచే తీసుకోండి. ఇదే పేరుతో వెతికితే పక్కన నాలుగు రకాల "ఫ్రీ డౌన్‌లోడ్" బటన్లు తగులుతాయి. అసలు సైటు కూడా ఒకసారి దెబ్బ తింది: 2017 మే నెలలో దాని మిర్రర్ సర్వర్లలో (డౌన్‌లోడ్ కోసం పెట్టిన నకలు సర్వర్లు) ఒకదానిలోకి ఎవరో చొరబడి మ్యాక్ ఫైలుని వైరస్ ఫైలుతో మార్చేశారు. నాలుగైదు రోజుల్లో పట్టుకుని, వాళ్ళే బయటికి చెప్పారు. అలా చెప్పుకున్నందుకే నాకు వాళ్ళ మీద నమ్మకం.

## ఎఫ్ఎఫ్ఎంపెగ్

ఈ జాబితాలో షట్టర్ ఎన్‌కోడర్, లాస్‌లెస్‌కట్ లోపల తిరిగే ఇంజన్ ఇదే. హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ కూడా దీని సరుకు వాడుకుంటాయి. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టాడు. బటన్లు ఉండవు. నల్ల కిటికీ, అందులో మనం టైపు చేయాలి. అది చూసే చాలామంది వెనక్కి వెళ్ళిపోతారు.

పలాసలో ఉన్న మా బావకి ఒకసారి ఫోన్‌లోనే నేర్పాను. ఆయనది జీడిపప్పు వ్యాపారం, కంప్యూటర్ అంటే లెక్కల వరకే. జాడీ మార్చే ఆదేశం మొత్తం ఇంతే: ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఖాళీ, హైఫన్ ఐ, ఖాళీ, ఫైలు పేరు, ఖాళీ, హైఫన్ సి, ఖాళీ, కాపీ, ఖాళీ, కొత్త ఫైలు పేరు డాట్ ఎంపీ4.

"కొట్టాను. ఎర్ర అక్షరాలొచ్చాయి" అన్నాడు.

"ఫైలు పేరేటి బావా?"

"పెద్దోడి పెళ్ళి, మూడు."

పేరులో ఖాళీలు ఉన్నాయి. ఖాళీ ఉంటే రెండువైపులా కొటేషన్ గుర్తులు పెట్టాలి, లేకపోతే అది మూడు వేరు వేరు మాటలు అనుకుంటుంది. గుర్తులు పెట్టి మళ్ళీ కొట్టాడు. పదకొండు సెకన్లలో అయిపోయింది. "అయిపోయిందా? నిజంగానా? నిన్న ఇదే ఫైలు రెండు గంటలు తిరిగింది కదా" అని అటునుంచి ఒకటే ప్రశ్నలు.

ఆడియో ఒక్కటే మార్చాలంటే ఆ "హైఫన్ సి కాపీ" ముక్కని రెండుగా విడగొట్టాలి: హైఫన్ సి కోలన్ వి, ఖాళీ, కాపీ. తర్వాత హైఫన్ సి కోలన్ ఎ, ఖాళీ, ఏఏసీ. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. వి అంటే వీడియో, అది కాపీ. ఎ అంటే ఆడియో, అది ఏఏసీలోకి. పిన్ని ఫైలుకి చేసింది ఇదే. టీవీలో డీటీఎస్ ఆడియో మూగబోయినప్పుడూ ఇదే మందు. కోలన్ బదులు సెమీకోలన్ పడితే తిడుతుంది, కంగారు పడకండి.

తిట్టడం దీని సుగుణం కూడా. ఏ లైనులో ఏమైందో పూర్తిగా రాస్తుంది. చివరి నాలుగు లైన్లు చదివితే చాలు. నెలకి ఐదారు ఫైళ్ళ పని ఉన్నవాళ్ళు కమాండ్లని ఒక నోట్‌ప్యాడ్‌లో దాచుకుని, ఫైలు పేరు మాత్రం మార్చి వాడుకుంటే సరిపోతుంది. ఏడాదికి ఒకసారి వాడేవాళ్ళకి మాత్రం దీన్ని చెప్పను, మర్చిపోతారు.

## మిగతా నాలుగు

షట్టర్ ఎన్‌కోడర్ అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి బటన్లు తొడిగినట్టు. జాడీ మార్చడం, ఆడియో మార్చడం, ఎడిటింగ్‌కి అనువైన ఫార్మాట్లలోకి తీయడం, అన్నీ ఒక్కచోటే ఉంటాయి. నల్ల కిటికీ అంటే గుండె దడ వచ్చేవాళ్ళకి హ్యాండ్‌బ్రేక్‌తో పాటు ఇది కూడా పెట్టిస్తాను. చిక్కల్లా జాబితా పొడుగు. అందులో సగం పేర్లు స్టూడియోవాళ్ళకి తప్ప మనకి పనికిరావు, మొదటిరోజు తల తిరుగుతుంది.

లాస్‌లెస్‌కట్ కత్తిరించడానికే. మూడు గంటల రికార్డింగులో సిరిమాను కదిలిన పది నిమిషాలే కావాలంటే, మొదలు చివర గుర్తు పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కడమే. మళ్ళీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి క్షణాల్లో అవుతుంది. అదే కారణంగా మనం పెట్టిన చోటే కచ్చితంగా తెగదు. దగ్గర్లోని కీఫ్రేమ్ (పూర్తిగా దాచిన బొమ్మ) దగ్గర తెగుతుంది, ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అవుతుంది. కుటుంబ వీడియోకి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు.

వీఎల్‌సీని చూడటానికి వాడండి. చూడటంలో దానికి సాటి లేదు. కన్వర్ట్ సౌకర్యం కూడా ఉంది, కంట్రోల్ ఆర్ నొక్కితే తెరుచుకుంటుంది. కానీ ప్రొఫైల్ కుదరకపోతే మాట లేని ఫైలో బొమ్మ లేని ఫైలో ఇస్తుంది, ఎందుకో చెప్పదు.

ఆన్‌లైన్ సైట్ల గురించి పెద్దగా చెప్పను. 30 సెకన్ల వాట్సాప్ క్లిప్‌కి సరే. 2 జీబీ ఫైలుని అప్‌లోడ్ చేసి, మళ్ళీ డౌన్‌లోడ్ చేసేలోపు ఇంట్లో హ్యాండ్‌బ్రేక్ పని ముగించి చల్లబడుతుంది.

## హెచ్.264నా, హెచ్.265నా, ఏవీ1నా

సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాక వచ్చే రెండో తర్జనభర్జన ఇది. హెచ్.264 ప్రమాణం 2003 నాటిది, హెచ్.265 2013 నాటిది, ఏవీ1 2018లో వచ్చింది. కొత్తదానికి పోయేకొద్దీ అదే నాణ్యత తక్కువ సైజులో వస్తుంది, ఎన్‌కోడ్ చేయడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆడించే పరికరాలు తగ్గుతాయి.

పల్లెలో నాయనమ్మ గారింట్లో ఏ టీవీ ఉందో తెలియనప్పుడు హెచ్.264, 8 బిట్, ఏఏసీ ఆడియో, ఎంపీ4 జాడీ. ఆలోచించకండి. సొంత హార్డ్ డిస్క్‌లో దాచుకోవడానికి, ఆడించేది కొత్త టీవీ అయితే హెచ్.265 బాగుంటుంది, చోటు బాగా కలిసొస్తుంది. ఏవీ1ని ఇంట్లో కుటుంబ వీడియోలకి ఇప్పుడే వాడమని చెప్పను.

స్లైడర్ సంఖ్యలు రెంటికీ ఒకటే అనుకోవద్దు. హెచ్.264 ఎన్‌కోడర్ ఎక్స్264 సొంతంగా ఎంచుకునే విలువ 23, హెచ్.265 ఎన్‌కోడర్ ఎక్స్265ది 28. ఆ రెండూ దాదాపు ఒకే స్థాయికి దగ్గరగా ఉంటాయని వాటిని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం.

కొన్ని ఫోన్లు నేరుగా హెచ్.265లోనే తీస్తాయి. ఐఫోన్లకి ఇది 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. పాత కంప్యూటర్లో వేస్తే నల్ల తెర, మాట మాత్రం వినిపిస్తుంది. వీడియో పాడైపోయిందని ఏడ్చినవాళ్ళున్నారు. పాడవలేదు, వీఎల్‌సీలో వేస్తే వస్తుంది. ముందే జాగ్రత్తపడాలంటే కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకోవాలి, అప్పుడు మామూలు వీడియోలు హెచ్.264లో వస్తాయి.

## ప్రాసెసరా, గ్రాఫిక్స్ చిప్పా

హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్‌కోడర్ జాబితా తెరిస్తే ఎక్స్264 పక్కన క్విక్‌సింక్, ఎన్‌వెంక్ లాంటి పేర్లు కనపడవచ్చు. క్విక్‌సింక్ ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి ఉంది, ఎన్‌వెంక్ ఎన్‌విడియా కార్డుల్లో 2012 నుంచి. వీటిని వాడితే పని ఎన్నో రెట్లు వేగంగా అవుతుంది, లాప్‌టాప్ కూడా అంతగా కాగదు. అదే సైజుకి ఎక్స్264 నెమ్మదిగా చేసిన బొమ్మ సాధారణంగా కాస్త మెరుగ్గా ఉంటుంది, ముఖ్యంగా పాత చిప్పులతో పోలిస్తే.

నా పద్ధతి: రేపు పొద్దున్న ఎవరికో ఇచ్చేయాల్సిన ఫైలుకి చిప్పు. పదేళ్ళు దాచుకోవాల్సిన పెళ్ళి వీడియోకి ఎక్స్264, రాత్రి పడుకునే ముందు పెట్టి, కింద రెండు పుస్తకాలు ఎత్తు పెట్టి, ఫ్యాన్ గాలి తగిలేలా.

## మీరు ఎవరైతే ఏది

పెళ్ళి డీవీడీలున్నవాళ్ళు. 2005 ప్రాంతంలో పెళ్ళైన ప్రతి ఇంట్లోనూ ఇవి బీరువా మీద ఉంటాయి. డిస్కులు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి, అందుకని ముందు మొత్తం ఫోల్డరుని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. లోపల వీఓబీ ఫైళ్ళు ఒక్కొక్కటి 1 జీబీకి తెగిపోయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా హ్యాండ్‌బ్రేక్‌లో వేస్తే తాళి కట్టే చోట సరిగ్గా తెగుతుంది, నాకు అయింది. వీడియో టీఎస్ అన్న ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాలి, అప్పుడు అంతా ఒకే టైటిల్‌గా తెరుచుకుంటుంది.

డీవీడీ బొమ్మ మన దగ్గర 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, ఎక్కువగా ఇంటర్‌లేస్డ్, అంటే ప్రతి ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలుగా రాసింది. చేయి కదిపినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు వస్తే అదే కారణం. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర యాడిఫ్ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ పెట్టండి. పెళ్ళికూతురు ముఖం సాగినట్టు వస్తే డైమెన్షన్స్‌లో చెయ్యి పెట్టినందువల్లే అయ్యుంటుంది, దాన్ని ఆటోమేటిక్‌లో వదిలేయండి.

ఫోన్‌తో తీసి ఎడిట్ చేసేవాళ్ళు. శ్రీకాకుళం వైపు మా మావయ్య వాళ్ళ ఊరి జాతరలో తప్పెటగుళ్ళు తీశాను. ఎడిట్ చేశాక చూస్తే చేయి రేకు మీద పడిన తర్వాత, కొంచెం ఆగి, చప్పుడు వస్తోంది. ఉపన్యాసం అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. గుండెకి కట్టుకున్న తప్పెట మీద రెండు చేతులూ ఒకే ఊపులో పడే ఆటలో పావు సెకను తేడా వచ్చినా ఆట మొత్తం అబద్ధంలా కనపడుతుంది. మావయ్య చూసి "ఈళ్ళు ఇలా కొట్టలేదురా" అన్నాడు.

ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తూ తీస్తాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అది నిలకడగా ఉందనుకుని లెక్క వేస్తాయి. వీఎల్‌సీలో జె, కె మీటలతో ఆడియోని ముందుకీ వెనక్కీ జరపవచ్చు, నొక్కినప్పుడల్లా 50 మిల్లీసెకన్లు. ఒకసారి సరిచేస్తే చివరిదాకా సరిపోయిందంటే అది మామూలు తేడా. మొదట్లో సరిగా ఉండి పోనుపోనూ పెరుగుతుంటే మారే ఫ్రేమ్ రేటే కారణమయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో ట్యాబ్‌లో "కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్" ఎంచుకుని ఒకసారి తిప్పాలి, ఆర్ఎఫ్ 18 పెట్టి. ఇక్కడ మళ్ళీ ఎన్‌కోడ్ చేయక తప్పదు. తప్పెటగుళ్ళలాంటి గిరగిరా తిరిగే దృశ్యాలకి ఎక్కువ బిట్‌రేటు (సెకనుకి రాసే సమాచారం) కావాలి, ఆర్ఎఫ్ పద్ధతిలో అది తనంతట తానే ఇస్తుంది. సైజు పెరిగిందని తగ్గించకండి.

పెన్‌డ్రైవ్‌లోకి పట్టడం లేదన్నవాళ్ళు. 32 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ ఫైలు ఎక్కట్లేదంటే, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. టీవీ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి, లోపలివన్నీ పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకోండి. టీవీ ఒప్పుకోకపోతే లాస్‌లెస్‌కట్‌తో రెండు ముక్కలు చేయండి.

ఒకే ఫైలుగా కావాలంటే లెక్క ఇది: ఎంబీపీఎస్‌ని (సెకనుకి ఎన్ని మెగాబిట్లు) సెకన్లతో హెచ్చవేసి 8తో భాగిస్తే ఎంబీలు. రెండు గంటలంటే 7200 సెకన్లు, 4 ఎంబీపీఎస్ అయితే 3600 ఎంబీ. ఆడియోకి ఇంకో 150 కలుపుకున్నా 4 జీబీ లోపే. ఇలా సైజు ముందే తెలియాల్సినప్పుడు ఆర్ఎఫ్ వదిలి, సగటు బిట్‌రేటు ఎంచుకుని, మల్టీ-పాస్ (పాత వెర్షన్లలో 2-పాస్) గడి టిక్ పెట్టాలి.

వాట్సాప్‌లో పంపేవాళ్ళు. ఏ కన్వర్టరూ అక్కర్లేదు. వీడియోగా పంపితే అది తనకి తోచినట్టు నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు పోతుంది.

మధ్యలో కరెంటు పోయినవాళ్ళు. ఎంపీ4 జాడీకి విషయసూచిక మామూలుగా చివర్లో రాస్తారు. ఎన్‌కోడ్ మధ్యలోనో రికార్డింగ్ మధ్యలోనో కరెంటో బ్యాటరీయో పోతే ఆ సూచిక ఉండదు. ఫైలు 3 జీబీ ఉంటుంది గానీ ఎందులోనూ తెరుచుకోదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇస్తే "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్" అంటుంది, అంటే సూచిక దొరకలేదని. ఎంకేవీకి ఈ పెంకితనం లేదు, ఆగిన చోటిదాకా ఆడుతుంది. అందుకే తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో నేను పెద్ద పనులు ఎంకేవీలోకే తిప్పి, అయ్యాక సీసా మార్చినట్టు ఎంపీ4లోకి మారుస్తాను.

కంప్యూటర్‌లో ఎన్‌కోడ్ ఆగిపోతే అసలు ఫైలు ఉంటుంది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఫోన్ రికార్డింగే మధ్యలో తెగితే కన్వర్టర్లేవీ పనికిరావు. అన్‌ట్రంక్ అని ఒక ఉచిత సాధనం ఉంది. అదే ఫోన్‌తో, అవే సెట్టింగులతో తీసిన బాగున్న వీడియో ఒకటి పక్కన పెడితే, దాన్ని చూసి పాడైనదానికి సూచిక అల్లుతుంది. చాలాసార్లు వస్తుంది, ఒక్కోసారి రాదు. కాబట్టి ఈ జబ్బుతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు పెన్‌డ్రైవ్ ఒక్కటే తేకుండా, ఆ ఫోన్ కూడా పట్టుకురండి.